ఇంటిపేరు వేరైనంత మాత్రాన రక్తం వేరు కాదు

సంపాదకులకు నమస్కారం.

డీఎన్‌ఏ పరీక్షతో పూర్వీకుల జాడ తెలుసుకోవచ్చునంటూ గత ఆదివారం మీ అనుబంధంలో వెలువడిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కావలి, కందుకూరు, కనిగిరి ప్రాంతాల జూనియర్ కళాశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి గనుక, జన్యుశాస్త్రం పేరు పత్రికలో కనబడగానే సంతోషించాను. వ్యాసం ముగిసేసరికి మాత్రం కొంత వెలితి మిగిలింది. గొట్టంలో ఉమ్మి పట్టి పంపితే మన వంశం ఎక్కడి నుంచి వచ్చిందో శాతాలతో సహా తేలిపోతుందన్న ధోరణిలో సాగిన ఆ రచనలో, అదే డీఎన్‌ఏ మన ఇళ్లలో పుట్టబోయే పిల్లల గురించి ముందుగా ఏం చెప్పగలదో ఒక్క వాక్యమైనా లేదు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలవారికి అక్కరకు వచ్చేది ఆ రెండో సంగతే.

మూలాల మాటే ముందు చూద్దాం. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్ తదితరులు దేశంలోని 25 సమూహాలవారి డీఎన్‌ఏను పరిశీలించి 2009లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఈనాటి భారతీయుల్లో అత్యధికులు రెండు ప్రాచీన జనసమూహాల కలయిక వల్ల ఏర్పడినవారేనని, కులాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి ఆ కలయికలో పాళ్లు మారతాయే తప్ప కలవనివారంటూ దాదాపు ఎవరూ లేరని వారు తేల్చారు. ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు విస్తారంగా సాగి, ఆ తరువాత సన్నగిల్లి, ఎవరి కులంలో వారు పెళ్లిళ్లు చేసుకునే పద్ధతి గట్టిపడిందని 2013లో మరో పరిశోధన చెప్పింది. అంతకుముందే, 2003లో, నల్లమల చెంచులనూ కోయలనూ పరిశీలించినవారు తల్లి వైపు నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో గిరిజనులకూ కులాలవారికీ ఉన్న వారసత్వం చాలావరకు ఒక్కటేనని చూపారు. మార్కాపురం దాటి అడవిలోకి వెళితే కనబడే చెంచుగూడెం మనకు పరాయిదేమీ కాదన్నమాట. ఇటువంటి విషయంలో ఒక ప్రైవేటు సంస్థ ఇచ్చే శాతాల పట్టిక, ఆ సంస్థ దగ్గర పోల్చి చూసుకోవడానికి ఎవరెవరి నమూనాలు ఉన్నాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అది చూసుకుని మీసం మెలేయడం తొందరపాటే అవుతుంది.

తరగతి గదిలో నేను పిల్లలచేత చిన్న లెక్క వేయించేవాణ్ణి. తల్లిదండ్రులు ఇద్దరు, తాతలూ అవ్వలూ నలుగురు, వారి పైవారు ఎనిమిది మంది. ఇలా పది తరాలు వెనక్కి వెళితే ఆ వరుసలో 1,024 స్థానాలు వస్తాయి. మనం గర్వంగా చెప్పుకునే ఇంటిపేరు ఇచ్చినవాడు వారిలో ఒకే ఒక్కడు. మగవారిలో తండ్రి నుంచి కొడుక్కు వచ్చే వై క్రోమోజోము ఇంటిపేరుతో పాటు నడుస్తుంది. ఉన్న 46 క్రోమోజోముల్లో అది ఒకటి. తక్కిన 45కూ ఇంటిపేరుతో గాని గోత్రంతో గాని నిమిత్తం లేదు. ఒక ఏడాది వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి, "మా ఇంట్లో అమ్మకు అవ్వ, నాన్నకు అవ్వ ఒక్కరే సార్, మరి లెక్క ఎలా వేయాలి?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది గాని, ఆ రోజు అడగవలసిన ప్రశ్న అదే. మేనరికాలు నడిచిన ఇళ్లలో 1,024 స్థానాలుంటాయి గాని అంతమంది మనుషులు ఉండరు. కొందరే పదే పదే వచ్చి ఆ పీటల మీద కూర్చుంటారు.

అక్క కూతుర్ని చేసుకోవడం, మేనమామ కూతుర్నో మేనత్త కొడుకునో చేసుకోవడం మన ప్రాంతంలో కొత్త కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట వీటికి అడ్డు చెప్పలేదు. ఆస్తి చెదరదని, పిల్ల కళ్ల ముందే ఉంటుందని, కట్నం దగ్గర పేచీలు రావని పెద్దలు చూసుకున్న సౌకర్యాలను నేను తేలిక చేయడం లేదు. అయితే "ఇంటిపేరు వేరు, గోత్రం వేరు, ఇంక రక్తసంబంధం ఎక్కడిది?" అనే మాట మాత్రం శాస్త్రానికి నిలవదు. మేనమామకూ మేనకోడలికీ డీఎన్‌ఏలో సగటున నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటుంది; బావామరదళ్లకు ఎనిమిదో వంతు. దాదాపు ప్రతి జన్యువుకూ మనలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు నకళ్లు ఉంటాయి. వారికి పుట్టే బిడ్డలో ఆ రెండు నకళ్లూ అచ్చంగా ఒకే పూర్వీకుడి నుంచి దిగివచ్చిన భాగం మొదటి జంట విషయంలో ఎనిమిదో వంతు, రెండో జంట విషయంలో పదహారో వంతు ఉంటుంది. ఒక నకలు చెడితే రెండోది ఆదుకుంటుంది గనుక మనలో ప్రతి ఒక్కరం కొన్ని లోపభూయిష్టమైన జన్యువులను మోస్తూ కూడా హాయిగా తిరుగుతున్నాం. రెండు నకళ్లూ అదే లోపంతో వచ్చినప్పుడే జబ్బు బయటపడుతుంది. సాధారణ దంపతులకు తీవ్రమైన పుట్టుక లోపాలతో బిడ్డ కలిగే అవకాశం నూటికి రెండు మూడు ఉంటే, బావామరదళ్ల పెళ్లిళ్లలో అది నాలుగు నుంచి ఆరు దాకా పెరుగుతుంది. అంటే వారిలోనూ నూటికి తొంభై నాలుగు కాన్పులకు ఈ బాధ లేదు. భయపెట్టడం నా ఉద్దేశం కాదు.

మా బంధువుల ఇంట్లో జరిగినది చెబుతాను. పిల్లను మేనమామకే ఇచ్చారు. మగబిడ్డ పుట్టాడు. ఏడో నెల నుంచి బిడ్డ పాలిపోతూ, పాలు తాగడానికి కూడా ఓపిక లేకుండా తయారయ్యాడు. చూపించిన మొదటి చోట రక్తం తక్కువగా ఉందని ఐరన్ టానిక్ రాసి పంపారు. ఏడాది దాటాక ఎవరో చెప్పగా పెద్ద ఊరికి తీసుకువెళితే అది తలసీమియా మేజర్ అని, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బని, ఆ బిడ్డకు కావలసింది ఇనుము కాదని తెలిసింది. అప్పటి నుంచి మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించడం, ఎక్కించిన రక్తం వల్ల గుండెలో, కాలేయంలో పేరుకునే ఇనుమును బయటికి పంపడానికి రోజూ మాత్రలు వేయడం, రక్తం దొరకని వారం దాతల కోసం ఫోన్లు చేయడం ఆ ఇంటి దినచర్య అయిపోయింది. ఈ మధ్యలో ఇంటి పెద్దావిడ తన సొంత మనవరాలైన కోడల్నే "నీ కడుపు మంచిది కాదు" అన్నది. లోపమున్న జన్యువు ఆ పెద్దావిడ నుంచో ఆమె భర్త నుంచో కొడుక్కూ, కూతురి ద్వారా మనవరాలికీ చేరి, ముని మనవడి దగ్గర కలుసుకుని ఉంటుందని ఆమెకు చెప్పే ధైర్యం నాకు ఆ రోజు లేకపోయింది. రెండోసారి గర్భం వచ్చినప్పుడు, "ఒకడికి వచ్చింది గదా, రెండోసారి రాదులే" అని చుట్టుపక్కలవారు ధైర్యం చెప్పారు. భార్యాభర్తలు ఇద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకుండానే లోపమున్న నకలు ఒకటి మోస్తున్నవారైతే, ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం మళ్లీ మొదటి నుంచి ఉంటుంది; మొదటి బిడ్డకు వచ్చిందన్న లెక్క రెండో బిడ్డకు చెల్లదు. పదకొండో వారానికీ పద్నాలుగో వారానికీ మధ్య గర్భంలోని మాయ నుంచి చిన్న నమూనా తీసి పరీక్షించే సదుపాయం ఉందని, జన్యులోపాలు కనిపెట్టడానికి గుర్తింపు పొందిన కేంద్రాల్లో అటువంటి పరీక్షను గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం కూడా అనుమతిస్తుందని ఈసారి చెప్పాను. వారు హైదరాబాదు వెళ్లివచ్చారు.

ఇక్కడ ఒక పొరపాటు జరగకుండా చూడాలి. చదువుకున్న కుటుంబాల్లో ఇప్పుడు మేనరికాలు తగ్గాయి. "మేం దగ్గరి సంబంధాలు చేసుకోం గనుక మాకు ఏ పరీక్షా అక్కర్లేదు" అనే మాట తరచు వినిపిస్తోంది. సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 260కి పైగా సమూహాలను పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితాలు ఈ ధీమాను సడలిస్తాయి. వాటిలో 81 సమూహాలు ఒకప్పుడు అతికొద్దిమంది మూలపురుషులతో మొదలై తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ పెరిగినవని, ఆ ప్రభావం ఇందుకు ప్రపంచ ప్రసిద్ధులైన ఫిన్లాండువారిలో, ఐరోపా యూదుల్లో కంటే కూడా బలంగా ఉందని తేలింది. అటువంటి సమూహంలో ఎన్నడూ చుట్టరికం లేని ఇద్దరు పెళ్లి చేసుకున్నా, ఎప్పుడో వందల ఏళ్ల కిందటి ఒకే పూర్వీకుడి లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం తక్కువేమీ కాదు. ఆ పరిశోధనలో ఉదహరించినది మనకందరికీ తెలిసిన వైశ్యులనే. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందును విరిచేసే ఎంజైము లోపించినవారు, ఇతరులతో పోలిస్తే వీరిలో సుమారు వంద రెట్లు ఎక్కువగా కనబడతారు. అందరిలో కొద్ది నిమిషాల్లో తగ్గిపోయే ఆ మందు ప్రభావం వీరిలో గంటల కొద్దీ ఉండిపోయి, అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేని స్థితి ఏర్పడుతుంది. ముందే తెలిస్తే మరో మందు వాడతారు, అంతటితో సమస్య తీరిపోతుంది. మత్తు డాక్టరు కులం అడిగితే కొందరు నొచ్చుకుంటారు గాని, దేశంలో ఆ ప్రశ్న వల్ల మేలు జరిగే చోట్లు కొన్నే ఉన్నాయి, వాటిలో ఆపరేషన్ గది ఒకటి.

ప్రతిదీ వంశానికి అంటగట్టడం కూడా అంతే తప్పు. మా చిన్నతనంలో కనిగిరి, పొదిలి, దర్శి పల్లెల్లో వంకర తిరిగిన కాళ్లతో, ముందుకు వంగిన నడుములతో కనబడినవారిని చూసి "ఆ ఇంట్లోనే ఉందిలే" అనేవారు, పిల్లనివ్వడానికి వెనకాడేవారు. ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ ఇది తాగేనీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బని వివరించారు. దేశంలో ఫ్లోరోసిస్ మొదట గుర్తింపు పొందినది ఇక్కడే. ఒకే బావి నీళ్లు తాగిన వేర్వేరు కులాలవారికి ఒకే జబ్బు వచ్చినప్పుడు దోషం బావిలో వెతకాలి గాని వంశంలో కాదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కు ఏ జన్యు పరీక్షా మందు కాదు, రక్షిత నీరే మందు. నీటి దోషాన్ని వంశానికి అంటగట్టిన నోళ్లే వంశదోషాన్ని కోడలి కడుపుకు అంటగట్టాయి.

ఇక నేను కోరేదేమిటో చెబుతాను. తలసీమియా వాహకులను గుర్తించడానికి జన్యుపటం మొత్తం చదవనక్కర్లేదు. మన ఊళ్లలో ఏ ల్యాబ్‌లోనైనా చేసే, రక్తకణాల లెక్క చూపే సీబీపీ పరీక్షలో ఎర్రకణం సగటు పరిమాణాన్ని చూపే ఎంసీవీ అంకె 80కి తక్కువగా ఉంటే, హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్షకు పంపాలి. అందులో హిమోగ్లోబిన్‌లో ఒక రకమైన హిమోగ్లోబిన్ ఏ2 మూడున్నర శాతం దాటితే సాధారణంగా ఆ వ్యక్తిని వాహకుడిగా లెక్కిస్తారు. ఇటువంటిదే మరో వంశపారంపర్య రక్తపు జబ్బైన కొడవలి కణాల రక్తహీనత నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో ప్రారంభించిన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు జరుగుతున్నాయి. హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఈ రెండు జబ్బులనూ ఒకే నమూనాలో చూపగలదు గనుక, రెండు జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ వైద్యశాలల్లో ఈ పరీక్షను యానాదులు, చెంచులతో పాటు తక్కినవారందరికీ నిర్ణీత రోజుల్లో ఉచితంగా అందుబాటులో ఉంచడం అసాధ్యం కాదు.

పెళ్లికి ముందు జాతకాలతో పాటు రక్తపరీక్ష కూడా చూసుకోవాలని వేదికల మీద అందరూ అంటూనే ఉంటారు. నాకు ఆ సలహా మీద అంత నమ్మకం లేదు. పెళ్లిచూపులు అయి, మాటలు కుదిరి, తాంబూలాలు పుచ్చుకోబోయే సమయంలో పరీక్ష చేయిస్తే, ఇద్దరూ వాహకులేనన్న నిజం కన్నా పిల్లకు ఏదో రోగముందట అన్న పుకారే ముందు ఊరు తిరుగుతుంది. వాహకత రోగం కాదు. ఇద్దరిలో ఒక్కరే వాహకులైతే బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే ప్రశ్నే లేదు. కాబట్టి డిగ్రీ మొదటి ఏడాదిలో, రక్తం గ్రూపు చూసే ఎన్‌ఎస్‌ఎస్ శిబిరంలోనే ఈ పరీక్ష కూడా జరగాలి. ఫలితం నోటీసు బోర్డు మీద పెట్టకుండా, తల్లిదండ్రులకు పంపకుండా, మూసిన కవరులో ఆ విద్యార్థికే ఇచ్చి, దాని అర్థం విడమరచి చెప్పడానికి ఒక అధ్యాపకుడో నర్సో పది నిమిషాలు కూర్చోవాలి. మా వంటి విశ్రాంత అధ్యాపకులం ఆ పది నిమిషాలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

మీ పత్రికను కోరేది ఒక్కటి. హెచ్‌పీఎల్‌సీ పరీక్ష మన రెండు జిల్లాల్లో ఎక్కడెక్కడ, ఏయే రోజుల్లో, ఎంత ఖర్చుతో జరుగుతున్నదో మీ విలేఖరులచేత కనుక్కుని, జిల్లా పేజీలో ఒక చిన్న పట్టికగా వేయించగలరు.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా