స్లైడ్ చూశారో లేదో రిపోర్టులో రాయాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. కౌంటు ఎంత ఉండాలో, ఎంతకు పడిపోతే ఆసుపత్రికి వెళ్లాలో బాగానే చెప్పారు. ఆ కౌంటు ఎలా వస్తుందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. 32 ఏళ్లు ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాణ్ని, ఆ మిగిలిన ముక్క నేను రాస్తున్నాను. ఇంకో మాట. వ్యాసం పక్కన వేసిన బొమ్మలో ఉన్నవి ప్లేట్‌లెట్లు కావు, ఎర్ర రక్తకణాలు.

ఈమధ్య మా తమ్ముడి కూతురికి నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. ఒంటి మీద మచ్చల్లేవు, చిగుళ్ల నుంచి రక్తం లేదు, పిల్ల లేచి తిరుగుతోంది. ఐదో రోజు సీబీపీ, అంటే రక్తకణాలన్నిటినీ లెక్కపెట్టే పరీక్ష, చేయిస్తే ప్లేట్‌లెట్లు 28,000 అని వచ్చింది. ఉండాల్సింది లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. ఇంకేముంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్. తమ్ముడు దాతల కోసం ఫోన్లు మొదలుపెట్టాడు. "నేను బాగానే ఉన్నా కదా పెదనాన్నా, వీళ్లెందుకు ఏడుస్తున్నారు?" అని అడిగింది ఆ పిల్ల. నిజమే, మనిషికీ కాగితానికీ పొంతన లేదు. స్లైడ్ చూశారా, అంటే రక్తాన్ని గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూశారా అని ల్యాబ్‌లో అడిగితే "మెషీన్ రిపోర్ట్ సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

బతిమాలి అదే శాంపిల్‌తో స్మియర్, అంటే స్లైడ్ మీద రక్తపు పూత, వేయించాను. స్లైడ్ చివర, పూత నాలుకలా పల్చబడే చోట, ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుపోయి ఉన్నాయి. ఒక్కో గుంపులో ఇరవై, ముప్పై. గుంపు మొత్తం మెషీన్‌కు ప్లేట్‌లెట్‌లా కనబడదు, లెక్కలోకి రాదు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం వేస్తారు. కొద్దిమంది రక్తంలో అది తగిలితే ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి అంటుకుంటాయి. ట్యూబులో మాత్రమే, ఒంట్లో కాదు. నీలం మూత ట్యూబులో, అంటే సోడియం సిట్రేట్ ఉన్నదాంట్లో, మళ్లీ రక్తం తీసి చేస్తే 1,90,000 వచ్చింది. అందులో ద్రవం కలిసి రక్తం కొంత పల్చనవుతుంది కాబట్టి పదో వంతు కలుపుకోవాలి. మొత్తం 2,09,000. ఫోన్లు ఆగిపోయాయి.

మెషీన్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. మనం కన్ను చిట్లించుకుని వంద కణాలు చూసేలోపు అది వేల కణాలు లెక్కపెట్టేస్తుంది. సన్నటి రంధ్రం గుండా కణాలను పంపి, ఒక్కొక్కటీ కరెంటుకు ఎంత అడ్డు తగిలిందో కొలిచే ఈ పద్ధతికి వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంట్ పొందాడు. కొత్త మెషీన్లు లేజర్ కాంతిని కూడా వాడతాయి. కానీ సైజును బట్టి పేరు పెట్టే చోట పొరపాటు జరుగుతుంది. ఎర్రకణం ఏడెనిమిది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ప్లేట్‌లెట్ రెండు మూడు. ప్లేట్‌లెట్ బాగా పెద్దదైతే ఎర్రకణాల లెక్కలోకి పోతుంది. ఎర్రకణం విరిగి ముక్కలైతే ఆ ముక్కలు ప్లేట్‌లెట్లుగా చెల్లుబాటైపోతాయి. అనుమానం ఉన్నచోట మెషీనే ఒక గుర్తు వేసి ఇస్తుంది. దాన్ని పట్టించుకునే మనిషి ఉండాలి.

స్లైడ్ మీద చూస్తే ఇంత గందరగోళం ఉండదు. లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేశాక ఎర్రకణాలు నడుమ వెలిసిపోయిన గులాబీ బిళ్లల్లా కనిపిస్తాయి. తెల్లకణాలు తెల్లగా ఉండవు, అందరూ పొరబడేది ఇక్కడే. రక్తం ఉన్న ట్యూబును యంత్రంలో పెట్టి గిర్రున తిప్పితే పైన లేత పసుపు ప్లాస్మా, అడుగున ఎర్రకణాలు, మధ్యలో సన్నటి తెల్లని పొర ఏర్పడతాయి. పేరు ఆ పొరను బట్టి వచ్చింది. రంగు పడ్డాక తెల్లకణాల కేంద్రకం ఊదాగా ఉంటుంది. వాటిలో ఐదు రకాలు. న్యూట్రోఫిల్‌లో అది సన్నని పోగులతో కలిసిన మూడు నాలుగు ముక్కలు. లింఫోసైట్‌లో కణమంతా అదే. మోనోసైట్ అన్నింటికన్నా పెద్దది, కేంద్రకం మూత్రపిండం ఆకారంలో వంపు తిరిగి ఉంటుంది. ఇసినోఫిల్ నారింజ రంగు గింజలతో దూరం నుంచే తెలిసిపోతుంది. బేసోఫిల్ వందకొకటి కనబడితే గొప్ప. ఇక ప్లేట్‌లెట్లు అసలు పూర్తి కణాలే కావు, ఎముక మజ్జలోని ఒక పెద్ద కణం నుంచి తెగిపడిన తునకలు, చిన్న ఊదా చుక్కలు. స్టెయిన్ సరిగా వడకట్టకపోతే దాని పొడి కూడా అలాగే కనిపించి కొత్తవాళ్లను బోల్తా కొట్టిస్తుంది. ఫోకస్ కాస్త తిప్పి చూస్తే పొడి మెరుస్తుంది, ప్లేట్‌లెట్ మెరవదు.

ఆరబెట్టి రంగు వేసి చూడటానికి అరగంట చాలు. ఆయిల్ లెన్సుతో పది ఫీల్డులు (ఫీల్డు అంటే లెన్సులో ఒకసారికి కనబడే మేర) చూసి, సగటున కనిపించిన ప్లేట్‌లెట్లను 15,000తో గుణిస్తే ఉజ్జాయింపు కౌంటు వచ్చేస్తుంది. నిజంగా పడిపోయిన కేసులూ స్లైడ్ మీద తెలిసిపోతాయి, ఫీల్డుకు ఒకటో రెండో ఉంటాయి, గుంపులు ఉండవు. అలాంటప్పుడు, ముఖ్యంగా ఎక్కడినుంచైనా రక్తం కారుతుంటే, ఆలస్యం చేయకూడదు.

నేను కోరేది ఒక్కటే. కౌంటు తక్కువ వచ్చినా, మెషీన్ అనుమానపు గుర్తు వేసినా, స్లైడ్ చూడకుండా రిపోర్ట్ బయటికి పంపకూడదు. చూశారా లేదా, చూసినవారు ఎవరు అన్నది అంకెల కింద ఒక వరుసలో రాయాలి. కొన్ని ల్యాబ్‌లు ఇప్పటికే ఇలా చేస్తున్నాయి. మిగతావాళ్లతో చేయించాల్సింది ల్యాబ్‌లకు అనుమతులు ఇచ్చే అధికారులు. ఆ వరుస లేని రిపోర్ట్ చేతికొస్తే రోగి తరఫువాళ్లు అడగాలి, అడిగితే ఎవరూ కాదనరు.

ప్లేట్‌లెట్ల మీద మళ్లీ వ్యాసం వేసినప్పుడు ఈ సంగతి ఒక పేరాలో రాయండి. బొమ్మ కూడా మార్చండి.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ల్యాబ్ టెక్నీషియన్