మొలకలు కోళ్లకు చిరుతిండే, దాణా కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. పెరటి కోళ్ల పెంపకం గురించి ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో, కిలో గోధుమలను మొలకెత్తిస్తే ఆరు కిలోల మేత వస్తుందనీ, దానితో దాణా ఖర్చు చాలావరకు తప్పించుకోవచ్చుననీ రాశారు. బెంగళూరులో కె.ఆర్. పురం దగ్గర, ఇంటి వెనుక ఉన్న కాస్త జాగాలో నాలుగేళ్లుగా ఆరు పెట్టలను పెంచుతూ, వారంలో నాలుగు రోజులైనా వాటికి మొలకలు వేస్తున్నవాడిగా, ఆ మాటను సవరించవలసి ఉందని ఈ ఉత్తరం రాస్తున్నాను. మొలకలు పెట్టడం మంచిదే. అయితే అవి దాణాకు బదులు కావు.

ముందుగా ఆ ఆరు కిలోల సంగతి. గోధుమలను నానబెట్టి, పళ్లెంలో పలుచగా పరిచి వారం రోజులు పెంచితే, వేళ్లు ఒకదానితో ఒకటి అల్లుకుని పచ్చని చాపలా తయారవుతుంది. తూకం వేస్తే ఐదారు కిలోలు తూగవచ్చు కూడా. కానీ పెరిగిన బరువంతా నీరే. మొలక ఎదగడానికి గింజ తనలోని పిండినే ఖర్చుపెట్టుకుంటుంది కనుక, ఆ చాపను పూర్తిగా ఎండబెట్టి తూస్తే మనం నానబోసిన కిలోకన్నా తక్కువే తేలుతుంది. గుడ్లు పెట్టే కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. అందులో 16, 17 శాతం మాంసకృత్తులు, 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉండాలి. నీళ్లతో ఉబ్బిన మొలకలతో పొట్ట నింపుకున్న కోడి ఆ దాణాను ఎలాగూ వదిలేస్తుంది.

ఈ తప్పు నేనూ చేశాను. రెండేళ్ల క్రితం ఎండాకాలంలో, దాణా బస్తా ధర పెరిగిందన్న బాధతో, సగం దాణా తగ్గించి ఆ మేరకు రాగి మొలకలు పోశాను. రాగుల్లో కాల్షియం పుష్కలం కదా, పెంకు ఇంకా గట్టిపడుతుందని నా ధీమా. మదనపల్లె వైపు రాగి సంగటి తిని పెరిగినవాణ్ణి. రాగులకు చేతకాని పని ఒకటి ఉంటుందని తోచలేదు. మూడు వారాలు తిరగకముందే చేత్తో పట్టుకుంటే సొట్టపడే గుడ్లు వచ్చాయి. అప్పుడు లెక్క వేసి చూసుకున్నాను. 100 గ్రాముల రాగుల్లో ఉండే కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు. ఒక్క గుడ్డు పెంకులో ఉండేది దాదాపు 2 గ్రాములు. అంటే కోడి రోజంతా రాగులే తిన్నా పెంకుకు కావలసినదాంట్లో నాలుగో వంతు కూడా సమకూరదు. దాణాను మునుపటి మోతాదుకు తెచ్చి, ఆల్చిప్పల పొడిని విడిగా ఒక గిన్నెలో పెట్టాక పెంకులు మళ్లీ గట్టిపడ్డాయి.

మరి మొలకలు ఎందుకు పెట్టాలి? గింజ మొలకెత్తేటప్పుడు ఫైటేజ్ అనే ఎంజైము పనిచేయడం మొదలుపెట్టి, గింజలో బంధించి ఉన్న భాస్వరాన్ని కొంతవరకు విడుదల చేస్తుంది. పచ్చని గోధుమ మొలకల్లోని ల్యూటిన్ వంటి రంగు పదార్థాలు పచ్చసొనకు చిక్కని రంగునిస్తాయి. వీటన్నిటికన్నా, ఆరుబయట తిరగడానికి వీలులేని పట్నపు కోళ్లకు మొలకలను వెదజల్లితే గంటసేపు గీరుతూ, ఏరుకుంటూ గడుపుతాయి, ఒకదాని ఈకలు మరొకటి పొడవడం తగ్గుతుంది. నా వరకు అసలు లాభం ఇదే. విటమిన్ సి కోసమని మాత్రం ఎవరూ పెట్టనక్కరలేదు; కోడి తన శరీరంలోనే దాన్ని తయారుచేసుకుంటుంది.

కోడికి ఒక పెద్ద చెంచాడు, అంటే 10, 12 గ్రాములు చాలు. ఉదయం దాణా తిన్నాక, సాయంత్రం నాలుగింటికి వేయడం నా అలవాటు. సిమెంటు నేల మీద పెరిగే కోళ్లకు కాస్త ముతక ఇసుక కూడా అందుబాటులో ఉంచాలి, లేకపోతే కందనకాయలో గింజ సరిగా నలగదు.

పెసలు, గోధుమలు, సజ్జలు, రాగులు మొలకలకు బాగుంటాయి. రాత్రి నానబెట్టి, ఉదయం వార్చి, చిల్లుల గిన్నెలో వేసి తడిగుడ్డ కప్పి, రోజుకు రెండుసార్లు కడగాలి. రాగులను గుడ్డలో మూట కట్టడమే మేలు. బెంగళూరులో డిసెంబరు, జనవరి చలికి పెసలు కూడా ఒక రోజు ఎక్కువ తీసుకుంటాయి. చెన్నైలో ఉంటున్న మా తమ్ముడి ఇంట్లో ఒక్క రాత్రికే మొలక వస్తుంది, మరునాటి మధ్యాహ్నానికి పులిసిన వాసనా వస్తుంది. కడిగిన నీళ్లు మా ఇంట్లో కరివేపాకు మొక్కకు పోతాయి. మొక్కలకూ కార్లకూ తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని 2024 మార్చిలో ప్రకటించిన బెంగళూరులో ఇది అలవాటు కావలసిందే.

మీ వ్యాసంలో అసలు లేని విషయం, ఏవి మొలకెత్తించకూడదన్నది. లేత జొన్న పిలక మేసిన పశువుకు నాము తగులుతుందని, అంటే విషమెక్కుతుందని, మన రైతులకు తెలుసు. ఆ విషమే, అంటే సయనైడును విడుదల చేసే పదార్థమే, జొన్న మొలకల్లోనూ ఉంటుంది. ఇక్కడివారు అవరె అనే అనపగింజలు, రాజ్మా కూడా పచ్చివిగా పెట్టరాదు. విత్తనాల దుకాణంలో దొరికే గులాబీ రంగు గింజలను ముట్టుకోనే కూడదు. ఆ రంగు శిలీంద్రనాశిని పూసిన గుర్తు. అలా వాడే థైరామ్ వంటి మందు కోళ్ల కాళ్ల ఎముకలను వంకర చేస్తుంది, పెంకు లేని గుడ్లు పెట్టిస్తుంది. తినడానికి అమ్మే గింజలే కొనాలి.

బూజు పట్టిన మొలకలను కడిగి పెట్టడం కూడా నేను చూశాను. కడిగినంత మాత్రాన బూజు విషం పోదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, కారణం వాటి దాణాలోని బూజు పట్టిన వేరుశనగ చెక్క అని తేలింది. ఆ బూజు విషానికి అఫ్లాటాక్సిన్ అనే పేరు ఆ పరిశోధనలోనే పుట్టింది. జిగురుగా ఉన్నా, ముక్కిపోయిన వాసన వచ్చినా ఎరువు గుంతలో వేయడమే. మొలకలను తాకిన చేతులను మనమూ సబ్బుతో కడుక్కోవాలి.

బెంగళూరు శివార్లలోని హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి, శిక్షణ సంస్థ ఉంది. గిరిరాజ కోడిని రూపొందించిన పశువైద్య కళాశాల కూడా ఈ ఊరి హెబ్బాళలోనే ఉంది. నా ఆరు పెట్టల్లో రెండు ఆ జాతివే. అక్కడి నిపుణుల చేత ఈ విషయం మీద ఒక వ్యాసం రాయించవలసిందిగానూ, అంతవరకు ఆరు కిలోల లెక్కకు ఒక చిన్న సవరణ అయినా ప్రచురించవలసిందిగానూ కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
కె.ఆర్. పురం, బెంగళూరు