ముందు అద్దం సంగతి చూడరా!

ఒరేయ్ అప్పలరాజూ,

గంటస్తంభం దగ్గర బట్టల షాపు పెడుతున్నావని తెలిసి ఎంత సంతోషమేసిందో! అదీ దసరాకి ముందే. దసరా అవగానే వచ్చే పైడితల్లమ్మ జాతర, సిరిమానోత్సవం నాడు విజయనగరంలో ఇసుక వేస్తే రాలనంత జనం కదా. అయితే లోపలి ర్యాకుల గురించి అంత రాశావు గానీ, షాపు ముందుభాగం ఊసే ఎత్తలేదేం? నాకదే బెంగగా ఉంది.

ఇక్కడ శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి వైపు వెళ్తే నా కళ్ళు షాపుల ముందు ఆగే జనం మీదే ఉంటాయి. మొన్న ఒక షాపువాళ్ళు అద్దం నిండా కింద నుంచి పైదాకా చీరలు వేలాడదీశారు. ఒక్కరూ ఆగలేదు. కాస్త అవతల ఇంకో షాపులో తెల్లగోడ ముందు రెండే చీరలు, అంచు కనబడేలా పరిచారు. ఒకావిడ టక్కున ఆగి, వాళ్ళాయన చెయ్యి పట్టుకు లాగి, ఆ అంచు చూపించి, లోపలికి వెళ్ళిపోయింది. చూడటానికి ఒకటి దొరికితేనే కాలు ఆగుతుందిరా.

నువ్వు పొందూరు ఖద్దరు పెడతానన్నావుగా. దూది ఏకడానికి అక్కడివాళ్ళు వాలుగ చేప దవడ ఎముక వాడతారు. అదొకటి సంపాదించు. అద్దంలో ఆ ఎముక, గుప్పెడు పత్తి, పక్కనే మడత విప్పిన పంచె. ఇంకేమీ వద్దు! పిల్లలు "అదేంటి నాన్నా?" అని అడక్క మానరు, వాళ్ళు అడిగితే పెద్దవాళ్ళు ఆగుతారు.

ఇక లైట్లు. పగలు బయట వెలుగు ఎక్కువ, లోపల తక్కువ ఉంటే అద్దంలో రోడ్డు మీది ఆటోలే కనబడతాయి, నీ బట్టలు కనబడవు. అందుకే పైన బాగా ముందుకొచ్చే సన్‌షేడ్ వేయించు, లోపలి లైట్లు తిన్నగా బట్ట మీదే పడేలా పెట్టించు. లైటు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు. పట్టుకీ జరీకీ 3000 కెల్విన్ పసుపు వెలుగు బాగుంటుంది. 6500 తెల్ల లైటు కింద జరీ వెలవెలబోతుంది. షాపు కట్టేశాక కూడా కాసేపు అద్దంలో లైటు ఉంచు. లండన్‌లో 1909లో తెరిచిన సెల్ఫ్రిడ్జెస్ అనే పెద్ద షాపువాళ్ళు రాత్రుళ్ళు కూడా అద్దాల్లో దీపాలు వెలిగే ఉంచేవాళ్ళు. ఇప్పుడు ఎల్‌ఈడీలకి కరెంటు ఖర్చెంతని! నీది పడమర ముఖమైతే మాత్రం అద్దంలో బట్టలు తరచూ మార్చు, ఎండకి రంగు వెలుస్తాయి.

బోర్డు మీద అక్షరం, చూసేవాడు 10 అడుగుల దూరంలో ఉంటే అంగుళం ఎత్తుండాలంటారు. 50 అడుగులకి 5 అంగుళాలు. మనకి గుడులు, వత్తులు అదనం, వాటికి పైనా కిందా చోటు వదలమను. పెయింటర్లు వత్తుల్ని నొక్కేసి ఇరికిస్తారు, దూరం నుంచి మచ్చలా కనబడుతుంది.

కాలువ దాటించే మెట్లు ఎత్తు పెట్టించకురా, నీ దండం పెడతా. మోకాళ్ళ నొప్పులున్న అమ్మలే పెళ్ళి బట్టలు ఎంచేది. అద్దానికి అడ్డంగా బళ్ళు పెట్టనివ్వకు.

షాపు వెడల్పు, ఎటు ముఖమో, ఎదుటి రోడ్డు ఎంతో కొలిచి ఫోటోలు వాట్సాప్‌లో పంపు. అద్దం ఆర్డరు ఇవ్వకముందే వచ్చి చూస్తాను. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
రమణ