ఎఫ్ఎం వస్తుంది సరే, మైకు దగ్గర మన ఊరి మనిషి ఉంటాడా?

సంపాదకులకు నమస్కారం.

మా నంద్యాలకు ప్రైవేటు ఎఫ్ఎం వస్తుందని వాట్సాప్ గ్రూపుల్లో సంబరపడుతున్నారు. 234 కొత్త పట్టణాల్లో 730 ఛానళ్ల వేలానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. ఆదోని, ప్రొద్దుటూరు, సూర్యాపేట, మంచిర్యాల కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నాకూ సంతోషమే. కానీ ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో నా కళ్లముందే మూతపడ్డ ఓ చిన్న ఊరి స్టేషన్ గుర్తొచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒహాయో రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, మా రూమ్మేట్ కారెక్కితే 97.7 ఎఫ్ఎం తప్ప ఇంకోటి పెట్టనిచ్చేవాడు కాదు. అందరూ దాన్ని 97ఎక్స్ అనేవాళ్లు. ఓ దంపతులు ఆ స్టేషన్‌ను కొని, 1983లో పెద్ద స్టేషన్లు ముట్టుకోని కొత్త రాక్ పాటలకు మార్చారు. (ఆ కొత్త పాటల్ని ఇప్పుడు క్లాసిక్ రాక్ అంటున్నారు, అది వేరే సంగతి.) 1988లో వచ్చిన 'రెయిన్ మ్యాన్' సినిమాలో డస్టిన్ హాఫ్‌మన్ పదేపదే వల్లించేది ఈ స్టేషన్ నినాదమే. మే చివర్లో మెమోరియల్ డే సెలవులకు 500 పాటల కౌంట్‌డౌన్ ఉండేది. మావాడు నోట్‌బుక్ తెరిచి ఒక్కో నంబరూ రాసుకుంటుంటే, బినాకా గీత్‌మాలా పాటల్ని డైరీలోకి ఎక్కించే మా నాన్న గుర్తొచ్చేవారు. దగ్గర్లోని పెద్ద నగరం సిన్సినాటికి వెళ్లే దారిలో సిగ్నల్ అందక గరగర మొదలైతే, పాట అయ్యేదాకా కారు స్పీడు తగ్గించేవాడు మహానుభావుడు!

2004 మేలో ఎఫ్ఎంలో ఆ గొంతు ఆగిపోయింది. ఫ్రీక్వెన్సీని అమ్మేశారు. కొన్నవాళ్లకు కావలసింది పాటలు కాదు, 97.7 అనే జాగా. తర్వాత అది సిన్సినాటి శివారులోని మేసన్‌కు తరలిపోయింది. పాత సిబ్బందిలో కొందరు ఇంటర్నెట్‌లో ఆగుతూ సాగుతూ 2010 మార్చి దాకా లాక్కొచ్చారు.

ఊరి గొంతు పోవడానికి మన దగ్గర స్టేషన్ అమ్ముకునేదాకా కూడా ఆగక్కర్లేదు. ఒకచోట తయారుచేసిన కార్యక్రమాన్నే తన స్టేషన్లన్నిటికీ పంపుకోవడానికి కంపెనీకి ప్రైవేటు ఎఫ్ఎంలపై కేంద్రం పెట్టిన ఫేజ్-3 విధానం వీలిస్తోంది. ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, కావాలంటే ఆకాశవాణి వార్తలను మాత్రం వినిపించొచ్చు. అయితే వాతావరణం, ట్రాఫిక్, కరెంటు, నీళ్లు, పరీక్ష ఫలితాల సమాచారం చెప్పొచ్చు. రేపు మా కుందూ నది పొంగితే ఏ రోడ్డు మునిగిందో చెప్పడానికి రూల్స్ ఒప్పుకుంటాయి. చెప్పడానికి ఊళ్లో మనిషి ఉండొద్దూ? హైదరాబాద్‌లోనో ముంబైలోనో కూర్చున్న జాకీకి కుందూ అంటే ఏం తెలుస్తుంది?

కనీసం పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఆ ఊళ్లోని స్టూడియో నుంచే, ఆ ఊరివాళ్లతోనే ప్రసారం చేయాలని వేలం షరతుల్లో రాయించమని మన ఎంపీలను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, నంద్యాల