గుహ తవ్వకంలో పలుగు కంటే తట్టే ముఖ్యం

సంపాదకుల వారికి,

నమస్కారం. గుహల్లో పూడికలు తొలగించి కొత్త దారులు కనుక్కొనేవారి చేతి పనిముట్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పలుగు, మడత పార, సుత్తి, ఉలి, బ్యాటరీ డ్రిల్లు అంటూ వ్యాసకర్త ఇచ్చిన వివరాల్లో తప్పు పట్టవలసింది పెద్దగా లేదు గానీ, తవ్విన మట్టి ఎటు పోతుందన్న ప్రశ్న అందులో ఒక్కచోట కూడా రాలేదు. కొన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా, ఆ లోటు చిన్నది కాదని నా అభిప్రాయం.

ఆరుబయట గొయ్యి తవ్వేవారు మట్టిని గట్టు మీదికి విసిరేస్తారు. గుహలో ఆ వీలు లేదు. తల పక్కకు తిప్పితే గాని హెల్మెట్ పట్టని సందులో బోర్లా పడుకుని తవ్వే మనిషి, తీసిన ప్రతి పిడికెడు మట్టినీ తన ఒంటి పక్క నుంచే వెనక్కి పంపాలి. పైగా కదిపిన మట్టి పొంగుతుంది. గట్టిపడిన నేలలో తట్టెడు తీస్తే తట్టంబావు అవుతుంది, బండను పగలగొడితే తట్టన్నర దాకా వస్తుంది. తడి బంకమన్ను ఘనపు మీటరు దాదాపు 2 టన్నులు తూగుతుంది. విడతకు 15 కిలోల చొప్పున లాగినా ఆ ఒక్క ఘనపు మీటరుకే 130 విడతలు దాటుతాయి. తవ్వేవారు ఒక్కరే అయినా, లాగేవారు, అందుకునేవారు, పారబోసేవారు కలిపి నలుగురైదుగురు వెనక ఉండవలసి వస్తుంది. కొత్త జట్లు ఎంత మంచి పనిముట్లు తెచ్చుకున్నా పని ముందుకు సాగకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. అక్కడ పలుగు ఖాళీగా ఉండేది పని లేక కాదు, తట్ట తిరిగి రాక.

ఓపికగా రాళ్లెత్తి పోస్తే ఏం జరుగుతుందో అమెరికాలో న్యూ మెక్సికోలోని లెచుగియా గుహ చెబుతుంది. చాలా కాలం అదొక చిన్న గొయ్యిగానే తెలుసు. దాని అడుగున రాళ్ల పోగు కింది నుంచి గాలి హోరు వినిపిస్తుండటంతో, లోపల ఇంకా దారి ఉందని తోచి, 1984లో కొలరాడోకు చెందిన గుహాన్వేషకులు జాతీయ ఉద్యానవనం అధికారుల అనుమతి తీసుకుని తవ్వకం మొదలుపెట్టారు. 1986 మే నెలలో దారి తెరుచుకుంది. ఇప్పటికి అక్కడ కొలిచిన దారుల పొడవు 240 కిలోమీటర్లు దాటింది.

తట్ట అన్నాను గానీ, నిజానికి దాని ఆకారం చోటును బట్టి మారాలి. మామూలు బకెట్టు నిలువు గోతిలోంచి తాడుతో పైకి లాగడానికి పనికొస్తుంది. అడ్డంగా పోయే సందులో అది ప్రతి రాతి మొనకూ తట్టుకుని బోర్లాపడుతుంది, అన్నిటికంటే ముందు దాని పిడి ఊడిపోతుంది. అలాంటి చోట 20 లీటర్ల ప్లాస్టిక్ క్యానును పడుకోబెట్టి, పై పక్కను కోసేసి, రెండు చివర్లా తాళ్లు కట్టి వాడటం మేలు. ఒక తాడుతో బయటివారు నిండు క్యానును లాగుతారు, రెండో తాడుతో లోపలి మనిషి ఖాళీ క్యానును తన దగ్గరికి తెచ్చుకుంటాడు. మూలలు గుండ్రంగా ఉంటాయి గనక అది రాళ్ల మీదుగా జారిపోతుంది. తాడు దూర్చే రంధ్రం అంచుకు మరీ దగ్గరగా ఉంటే ప్లాస్టిక్ చిరుగుతుంది. కనీసం మూడు వేళ్ల వెడల్పు లోపలికి వేసి, ముడి కింద వెడల్పాటి వాషరు పెట్టాలి. సన్న తాడు బురద చేతుల్ని కోస్తుంది కాబట్టి 10 మిల్లీమీటర్లకు తగ్గని తాడు కావాలి. ఇంత చేసి క్యానును అంచు దాకా నింపేవారిని చూస్తే నాకు జాలేస్తుంది, ఎందుకంటే సగానికి కాస్త పైగా నింపిన క్యాను రెండు సార్లు వెళ్లి వచ్చే సరికి, నిండు క్యాను ఎక్కడో ఒక మలుపులో ఇరుక్కుని ఉంటుంది.

ఇక తవ్వే పనిముట్ల సంగతి. ఇరుకు సందులో చేయి ఎత్తి కొట్టే వీలుండదు, మణికట్టూ మోచెయ్యీ ఆడినంత మేరే పని. అందుకే పొడవాటి పిడి ఉన్న పలుగు కన్నా, జానెడున్నర పిడితో గోకి, లాగి, పెళ్లగించే పనిముట్టు ఎక్కువ ఉపయోగం. తోటపనికి వాడే చిన్న తొలిక బంకమన్నుకు చక్కగా సరిపోతుంది. సుత్తి కూడా కిలోన్నర బరువుది చాలు. ప్రతి పిడికీ కళ్లకు కొట్టొచ్చే రంగు పట్టీ చుట్టకపోతే, బురదలో పడిన పనిముట్టు తట్టలో కలిసి బయటికి పోతుంది.

అడ్డుగా బండ ఉంటే మరో పద్ధతి. సున్నపురాయిలోని కాల్సైటు ఉక్కు కన్నా చాలా మెత్తన. ఉలిని దెబ్బ దెబ్బకూ కాస్త తిప్పుతూ వరసగా రంధ్రాలు వేసి, ఒక్కొక్క దానిలో రెండు ఇనుప రెక్కలు, అంటే పలచటి పట్టీలు, దింపి, వాటి మధ్య చీల పెట్టి, అన్ని చీలల్నీ వరస తప్పకుండా కొద్దికొద్దిగా కొట్టుకుంటూ పోవాలి. చీలలు బిగిసే కొద్దీ సుత్తి మోత సన్నబడుతుంది. అక్కడ ఆగి, రాయికి కాస్త వ్యవధి ఇవ్వాలి. తొందరపడి ఒకే చీలను బాదితే రాయి మనకు కావలసిన చోట చీలదు. ఉలి తల గొడుగులా విచ్చుకుంటే వెంటనే అరగదీయాలి, లేకపోతే దాని అంచు నుంచి ఎగిరే ముక్కలు కంటికి తగులుతాయి. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయనే కూడదు.

వ్యాసంలో గాలి గురించి ఒక్క వాక్యమే ఉంది, అదీ తప్పుదోవ పట్టించేది. లైటరు వెలిగితే గాలి బాగున్నట్టేనని అందులో రాశారు, అది నిజం కాదు. మంట ఆక్సిజన్ చాలా తగ్గినప్పుడు ఆరుతుంది. మనుషులు ఆయాసపడుతూ పనిచేసే మూసుకుపోయిన సందులో పేరుకునే కార్బన్ డయాక్సైడు ఆ లోపే తలనొప్పి, రొప్పు తెప్పిస్తుంది. బయటి గాలిలో అది సుమారు 0.04 శాతమే. దాన్ని కొలిచే పరికరం వెంట ఉండాలి, ఆ లక్షణాలు కనిపిస్తే పరికరం ఏం చూపినా బయటికి రావాలి. పెట్రోలు యంత్రాలు వదిలే కార్బన్ మోనాక్సైడు ప్రాణాలు తీస్తుంది కనుక వాటిని లోపలికి తేనేకూడదు.

రాళ్ల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. 1925 జనవరిలో అమెరికాలో కెంటకీలోని శాండ్ కేవ్ అనే గుహలో ఫ్లాయిడ్ కాలిన్స్ అనే గుహాన్వేషకుడి కాలు ఇరికించిన రాయి పెద్ద బండేమీ కాదు, సుమారు 12 కిలోలదే. ఆయన్ని చేరుకోవడానికి పైనుంచి గొయ్యి తవ్వారు గానీ, అది ఆయన ఉన్న చోటికి చేరేసరికి ప్రాణం పోయింది. పై రాళ్లను కదిపి చూసి, నిలవనివాటిని ముందే దించాలి. వాటి కిందికి దూరి తవ్వకూడదు. తీసిన మట్టిని వెనకదారిలో పోగు చేయడం తమ దారిని తామే మూసుకోవడం.

చివరగా, గుహ మట్టి అంతా చెత్త కాదు. ఎముక, బొగ్గు, పెంకు, చెక్కిన రాయి ఏది కనిపించినా పలుగు పక్కన పెట్టి పురావస్తు శాఖకు తెలియజేయాలి. అక్కడి నుంచి పని తాపీ, వెదురు పుల్ల, కుంచె పట్టేవారిది. 1865 నుంచి 1880 వరకు ఇంగ్లండులోని కెంట్స్ కావెర్న్ గుహలో తవ్విన పురావస్తు పరిశోధకుడు విలియం పెంగెల్లీ, నేలను గజం పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు దిమ్మెలుగా విభజించి, ఏ వస్తువు ఏ దిమ్మెలో దొరికిందో రాసుకున్నారు. అలాంటి తవ్వకంలో తట్టకు చీటీ కట్టాలి, ఆ మట్టిని జల్లెడ పట్టే దాకా ఎక్కడా పారబోయకూడదు. దారి కోసం చేసే తవ్వకంలో మట్టిని పారబోయవలసిందే అయినా, ఆ చోటును మొదటి తట్ట నిండక ముందే నిర్ణయించుకోవాలి. గుహలోని నీటి పాయలో గానీ, సున్నపు స్ఫటికాలు పెరిగిన నేల మీద గానీ పోస్తే ఆ నష్టాన్ని ఏ పనిముట్టూ పూడ్చలేదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు