మేమిచ్చిన అఫిడవిట్ల గురించి మా పాత కస్టమర్లకు

జగదాంబ దగ్గర మా టైపింగ్, జిరాక్స్ సెంటర్‌కి ఏళ్లుగా వస్తున్నారు కాబట్టి, ఈ సంగతి బయట ఎవరో చెప్పగా మీరు వినడం నాకిష్టం లేదు.

పోయిన నెల ఒక కుటుంబానికి అమెరికా నుంచి ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది, అంటే ఇంకా ఆధారాలు పంపమని నోటీసు. అబ్బాయి అక్కడి పౌరుడు, భార్యని అక్కడికి తీసుకెళ్లడానికి ఐ-130 అనే దరఖాస్తు వేశాడు. పెళ్లి సింహాచలంలో జరిగింది, నేనూ వెళ్లి భోంచేసి వచ్చాను. కానీ మా సెంటర్‌ నుంచి వెళ్లిన మూడు అఫిడవిట్లలోనూ, అంటే ఆ పెళ్లి నిజమైనదేనని సాక్షులిచ్చే ప్రమాణపత్రాల్లో, ఒకటే వాక్యం: "వీరు అన్యోన్యంగా ఉంటారని నాకు బాగా తెలుసు." ఎలా తెలుసో ఒక్కదాంట్లోనూ లేదు. మూడింట్లోనూ ఒకే స్పెల్లింగ్ తప్పు కూడా.

డ్రాఫ్టులు బయట ఒకతని చేత రాయించేవాణ్ణి. ఒక్కోదానికి విడిగా డబ్బు తీసుకుని, పేర్లు మాత్రం మార్చి పంపాడు. అడిగితే "అందరూ ఇలాగే ఇస్తారు కద సార్" అన్నాడు. నేను టైపు మిషను మీద లోయరూ హయ్యరూ పాసైనవాణ్ణి. ఒక్క అక్షరం తప్పు పడితే కాగితం లాగేసి మొత్తం మళ్లీ కొట్టేవాణ్ణి. అలాంటిది చదవకుండా నోటరీకి పంపానంటే తప్పు నాదే. అయినా ఆ "అందరూ" అన్న మాట ఇంకా మింగుడు పడటం లేదు.

రెడీమేడ్ డ్రాఫ్టులు మానేయాలా వద్దా అని వారం రోజులు నిద్ర లేదు. ఆదాయంలో సగం వాటిదే. ఈలోగా ఆ కుటుంబం కోసం పక్కింటి మామ్మగారిని పిలిచి కూర్చోబెట్టాను. అమ్మాయికి డెంగీ వస్తే అబ్బాయి సెలవు పెట్టి వచ్చి ఆసుపత్రి బెంచీ మీదే పడుకున్నాడని, తనే రోజూ క్యారేజీ పట్టుకెళ్లేదాన్నని చెప్పారు. అక్కడివాళ్లు అడిగేది ఇదే. మానేశాను.

ఇకమీదట సాక్షి స్వయంగా రావాలి, ఆధార్ తెచ్చుకోవాలి. పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఊరు, ఆ జంటకి ఏమవుతారు, వాళ్ల సంగతి తనకెలా తెలుసు, అన్నీ తన మాటల్లోనే చెప్పాలి. తెలుగులో చెప్పండి, పర్లేదు. ఇంగ్లీషు అనువాదం, దాంతో ఉండాల్సిన అనువాదకుడి సర్టిఫికెట్ మేమిస్తాం. ఒక్క పూటలో అయ్యే పని కాదు, రెండు రోజులు పడుతుంది. స్టాంపు పేపరు ఎంతదన్నది అక్కడెవరూ చూడరు. ఫొటోలు, టికెట్లు, జాయింట్ అకౌంట్ లాంటివి తోడు లేకపోతే ఒట్టి అఫిడవిట్లతో పని జరగదు.

మా పాత డ్రాఫ్టు మీ దగ్గరుంటే పట్టుకురండి, ఉచితంగా మళ్లీ చేస్తాను. నోటరీ ఖర్చు కూడా నాదే. ఇప్పటికే ఆర్‌ఎఫ్‌ఈ వచ్చినవాళ్లు మాత్రం ఆలస్యం చేయకండి. జవాబుకి ఎక్కువలో ఎక్కువ 84 రోజులిస్తారు, మీ గడువు నోటీసు మీదే ఉంటుంది.

"మీరే ఏదోటి రాసేయండి అన్నయ్యా, సంతకం పెట్టేస్తాం" అనేవాళ్లకి ఈ వీధిలో వేరే షాపులున్నాయి. ఆ పాత ఫైలు నా కంప్యూటర్లో లేదు.