పర్లాకిమిడి లెక్కల మాస్టారికీ, అక్కకూ నా కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఫిజిక్స్ డిగ్రీ చదువుతున్న నాకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లెక్కలు చేయడం నేర్పిన మా వీధి లెక్కల మాస్టారికీ, సాయంత్రాలు తన ల్యాప్‌టాప్ నాకు వదిలి పక్కన కూర్చున్న, నేను అక్క అని పిలిచే వారి అమ్మాయికీ మనవాళ్లందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కనుక రాయడం లేదు.

సాధన సూత్రం దొరకని అవకలన సమీకరణాన్ని (ఒక రాశి మారే వేగాన్ని చెప్పే సమీకరణాన్ని) ఏం చేయాలని నేను అడిగినప్పుడు మాస్టారు ముందు కాగితం, పెన్సిలు తీయించారు. ఒక రాశి ఎప్పుడూ తన విలువకు సమానమైన వేగంతోనే పెరుగుతుంటే, 1తో మొదలైనది ఒక సెకను తర్వాత ఎంతవుతుందన్నది ఆయన ఇచ్చిన లెక్క. గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1768లో ప్రచురించిన పద్ధతిలో సెకనును పది ముక్కలు చేసి, ముక్కముక్కకూ పెరుగుదల కలుపుకుంటూ పోతే 2.5937 వచ్చింది; ఇరవై ముక్కలకు 2.6533. అసలు విలువ 2.71828. ముక్క సగమైతే తేడా కూడా దాదాపు సగమవుతుందని నా చేతి లెక్కలోనే కనబడ్డాక, అక్క దాన్నే చిన్న ఫర్ లూప్‌గా (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ప్రోగ్రాం ముక్కగా) రాయించింది. ఆ తర్వాత ఒక్కో ముక్కలో వేగాన్ని ఒకటికి నాలుగుసార్లు లెక్కించి సగటు తీసుకునే రుంగే-కుట్టా పద్ధతిలో, అవే పది ముక్కలతో, 2.71828 తెర మీద పడినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

జవాబు రాగానే ముక్కను సగం చేసి మళ్లీ నడపాలనీ, రెండు జవాబులూ ఎన్ని దశాంశాల వరకు కలిస్తే అంతవరకే నమ్మాలనీ మాస్టారు పెట్టిన నియమం నాకు అన్నిటికన్నా విలువైనది. కంప్యూటరులో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 ఎందుకు వస్తుందో, 0, 1 అంకెలతోనే రాసే ద్వియాంశ పద్ధతిలో పదో వంతు ఎందుకు తెగకుండా సాగిపోతుందో అక్క ఎంతో ఓపికగా, మన తెలుగులోనే విడమరిచి చెప్పింది. ఒడియా మీడియంలో చదివిన నాకు అది ఎంత మేలు చేసిందో ఈ ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు లోలకం లెక్క నా అంతట నేనే చేయగలుగుతున్నాను. 90 డిగ్రీల నుంచి వదిలితే దాని ఆవర్తన కాలం (ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి పట్టే సమయం) చిన్న కోణాల సూత్రం చెప్పేదానికన్నా సుమారు 18 శాతం ఎక్కువని నా ప్రోగ్రాం చూపింది. ముక్కను సగం చేసినా అదే వచ్చింది.

మాస్టారి అనుమతితో ఆ లెక్కల నోటుపుస్తకాన్ని జిరాక్స్ తీయించాను. మన ఊళ్లో బీఎస్సీ చదివేవారు ఎవరడిగినా ఇస్తాను. మాస్టారికీ, అక్కకూ నా నమస్కారాలు.